దానంతటదే తెరుచుకున్న చార్టు

ఆసుపత్రిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళెవరూ లేరు. వంటగదిలో మేస్త్రీ దగ్గర్నుంచి వార్డుల్లో ఆయాల దాకా అందరికీ ఆమె చార్టమ్మే. ఏ మంచం మీద రోగికి ఏ భోజనం వెళ్ళాలో రోజూ పొద్దున్నే కంప్యూటర్లో చార్టు తయారుచేసి వంటగదికి పంపడం ఆమె పని. ఉప్పు తగలకూడనివాళ్ళు, తీపి తగలకూడనివాళ్ళు, నమల్లేనివాళ్ళు, మింగలేక గొట్టంలోంచే తీసుకునేవాళ్ళు, అందరి లెక్కా ఆమె చేతుల మీదుగానే వెళ్ళేది. ఆమె చార్టు రానిదే వంటగదిలో గరిటె కదిలేది కాదు.

"నువ్వు ఒక్కరోజు సెలవు పెడితే ఊరంతా పస్తే చార్టమ్మా," అని మేస్త్రీ వేళాకోళం చేసేవాడు.

"నేను లేకపోతే నువ్వు డాక్టర్లకి గంజి పోసి రోగులకి వేపుళ్ళు పెడతావు. నీ సంగతి నాకు తెలీదా!" అని ఆమె చురక అంటించేది.

భర్త పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. ఆసుపత్రి వెనక క్వార్టర్స్‌లో ఆమె, ఆమె ఆడపడుచు కలిసి ఉండేవారు. ఆడపడుచు పెళ్ళి చేసుకోలేదు. ముందుగదిలో కుట్టు మిషను పెట్టుకుని, నర్సుల యూనిఫారాలు దగ్గర్నుంచి పసిపిల్లల చొక్కాల దాకా కుట్టేది. ఇద్దరికీ రోజుకొకసారైనా మాటామాటా రాకపోతే తిన్నది అరగదు. ఒకరు అన్నం పెట్టందే రెండోవాళ్ళు తినరు.

వానాకాలంలో ఒక సాయంత్రం చార్టమ్మ ఆ క్వార్టర్స్ మెట్ల మీద కాలు జారి వెల్లకిలా పడింది. తల వెనక భాగం మెట్టు అంచుకి కొట్టుకుంది. పనిచేసే ఆసుపత్రిలోనే మంచం ఎక్కింది. ఆ రోజుల్లో ఆమె భోజనం ట్రే మీద చీటీని మేస్త్రీ స్వయంగా రాసి పంపాడట. కుట్లు మానాయి, జుట్టు మళ్ళీ మొలిచింది, నడకా మాటా అన్నీ మామూలే. చూసినవాళ్ళందరూ గండం గడిచిందన్నారు.

గడవలేదని ఇద్దరికే తెలుసు. పాత సంగతులు ఒక్కటీ చెక్కుచెదరలేదు. చిన్నప్పుడు బళ్ళో పక్కన కూర్చున్న పిల్ల రిబ్బను రంగు కూడా చెప్పేది. కానీ నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య గోడ కూలిపోయింది. పొద్దున చేసిన పని చేశానో లేదో తెలిసేది కాదు. ఎప్పుడో చేసింది ఇప్పుడే చేసినట్టుండేది. స్నానం చేసి వచ్చి మళ్ళీ తువ్వాలు అందుకునేది.

"వదినా, తల తడిగానే ఉంది, తడుముకో," అనేది ఆడపడుచు. మొదట్లో నవ్వుతూ అనేది. తరవాత్తరవాత నవ్వడం మానేసింది.

"డాక్టరుకి చెబుదాం వదినా. ఇంకొన్నాళ్ళు ఇంట్లో ఉందువుగాని."

"చెబితే చార్టు తీసేసుకుంటారు. ఆ చార్టు లేకపోతే నేనెవర్నే? ఈ క్వార్టర్ కూడా పోతుంది. నీ మిషను ఎక్కడ పెడతావు, నడిరోడ్డు మీదా?"

ఆడపడుచు తల వంచుకుని మిషను తొక్కింది. అలా ఇద్దరూ ఆ సంగతి దాచారు. దాచడం మొదలయ్యాక ప్రతి పొద్దునా చార్టమ్మకి గండంగానే తెల్లవారేది.

చార్టుకి ఒక ఖాళీ నమూనా ఉండేది. రోజూ దాన్ని తెరిచి, వార్డుల నుంచి వచ్చిన చీటీలు చూసి నింపి, ఆ రోజు పేరుతో దాచేది. దెబ్బ తగలకముందు అది కళ్ళు మూసుకుని చేసే పని. ఇప్పుడు తెర మీద వరసగా కనబడే ఫైళ్ళన్నీ ఒకేలా అనిపించేవి. ఖాళీది అనుకుని నిన్నటిది తెరిచేది. ఒకరోజు మేస్త్రీ ప్రింటు కాగితం ఊపుకుంటూ వచ్చాడు.

"ఏంటి చార్టమ్మా, ఇంటికెళ్ళిపోయినవాళ్ళకి కూడా భోజనం పంపిస్తున్నావు? బండి కట్టించమంటావా?"

ఆమె పకపకా నవ్వింది. "పరధ్యానం బాబూ, వయసు మీద పడుతోంది," అంది. కాగితం అతని చేతిలోంచి లాక్కుని, కొత్తది చేసి ఇచ్చింది. అతను వెళ్ళాక బాత్రూములోకి వెళ్ళి గడియ వేసుకుని, మొహం మీద నీళ్ళు కొట్టుకుంది.

సంగతి విని ఆడపడుచు మిషను ఆపి ఆలోచించింది. "నా ఫోన్లో అలారం దానంతటదే మోగట్లేదూ? అలాగే ఆ ప్రోగ్రాం తెరవగానే ఖాళీ చార్టు దానంతటదే ముందుకొచ్చేలా చెయ్యలేరా వదినా? నువ్వు వెతుక్కునే పనే లేకుండా!"

చీకట్లో ఎవరో చెయ్యి అందించినట్టయింది చార్టమ్మకి. మర్నాడు కంప్యూటర్ల సెక్షన్ వాకిట్లో కాపు కాసింది. అక్కడ పనిచేసే ఆయనకి ఆసుపత్రిలో రీస్టార్టు సారని పేరు. ఎవరు ఏ బాధ చెప్పుకున్నా "ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి" అంటాడని ఆ పేరు. మంచివాడే. ఆసుపత్రి మొత్తానికి ఒక్కడే కావడంతో ఎప్పుడూ పరుగులో ఉండేవాడు.

"సార్, నేను ప్రోగ్రాం తెరిచీ తెరవగానే ఖాళీ చార్టు రావాలి. ఇంకేదీ రాకూడదు. కుదురుతుందా?"

"అదెంత పనమ్మా! స్టార్టప్ ఫోల్డరని ఒకటుంటుంది. అందులో ఏ ఫైలు పెడితే ఆ ఫైలు ప్రోగ్రాంతో పాటే తెరుచుకుంటుంది," అంటూ ఆమె గదికి వచ్చాడు. నిలబడే మౌసు అందుకుని, ఖాళీ చార్టుని ఆ ఫోల్డర్లో వేశాడు. ప్రోగ్రాం మూసి తెరిచాడు. చార్టు వచ్చి ముందు నిలబడింది. గడులన్నీ తెల్లగా ఉన్నాయి. పైన ఆ రోజు తేదీ ఉంది. ఏ రోజుకారోజు తేదీ మారేలా చార్టమ్మే ఎప్పుడో ఒక సూత్రం పెట్టుకుంది. "చూశారా, అంతే. నింపండి, ప్రింటు తియ్యండి, సేవ్ కొట్టెయ్యండి." ఈలోపు అతని ఫోను మోగింది. స్కానింగ్ గదిలో మిషను ఆగిపోయిందట. మెట్లు రెండేసి చొప్పున దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున ప్రోగ్రాం తెరవగానే ఖాళీ చార్టు వచ్చింది. చార్టమ్మ దాన్ని చూసి రెండు చేతులూ జోడించింది. చీటీలు ఒక్కొక్కటే తీసి నింపింది, ప్రింటు తీసింది, సారు చెప్పినట్టే సేవ్ కొట్టింది. ఆ రోజు ఇంటికి వెళ్తూ ఆడపడుచుకి జడలోకి పూలు కూడా కొనుక్కెళ్ళింది. "మనిద్దరం బతికిపోయామే!" అంది.

ఆ మరుసటి రోజు కూడా ఆమె వేళకే వచ్చింది. కంప్యూటరు పెట్టి, ప్రోగ్రాం మీద నొక్కి, అది తెరుచుకునేలోపు మంచినీళ్ళు తెచ్చుకుందామని సీసా పట్టుకుని బయటికి వెళ్ళింది. వరండాలో పాత నర్సు ఒకావిడ ఎదురై కూతురి కాన్పు కబుర్లు మొదలుపెట్టింది. తిరిగొచ్చేసరికి తెర మీద చార్టు ఉంది. గడులన్నీ నిండి ఉన్నాయి. పైన ఆ రోజు తేదీయే ఉంది.

చార్టమ్మ ఒక్క క్షణం ఆగింది. 'నీళ్ళకి వెళ్ళకముందే నింపేశానన్నమాట' అనుకుంది. ఇలాంటివి ఆమెకు రోజూ జరిగేవే. చేసిన పని గుర్తుండకపోవడం, చేసిన గుర్తులు చూసి నమ్మడం అలవాటైపోయింది. అలమర తాళం వేసి ఉంటే తానే వేసి ఉంటుంది. తల తడిగా ఉంటే స్నానం అయిపోయే ఉంటుంది. చార్టు నిండి ఉంటే తానే నింపి ఉంటుంది. కావాలంటే తేదీ కూడా ఇవాళ్టిదే. ప్రింటు తీసి వంటగదికి పంపింది.

ఫలహారం వేళకి వార్డుల్లో ఒక చుట్టు తిరిగి రావడం ఆమె పాత అలవాటు. ఎవరెలా తింటున్నారో చూసి పలకరించేది. ఆ పొద్దున మగవాళ్ళ వార్డులోకి అడుగుపెట్టేసరికి కిటికీ పక్క మంచం మీద ఒక పెద్దాయన కనబడ్డారు. ఆయన బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పక్షవాతం వచ్చి ఒకవైపు పడిపోతే ముందురోజు సాయంత్రం చేర్చారు. మూతి వంకరపోయినా భుజాలు మాత్రం ఇప్పటికీ నిటారుగానే ఉన్నాయి. కూతురు పక్కన కూర్చుని, ట్రేలోంచి రొట్టెముక్క తుంచి ఆయన నోట్లో పెడుతోంది.

"తిను నాన్నా, కొంచెం తింటే ఓపికొస్తుంది. వాళ్ళే పంపించారుగా."

ముందు దగ్గు వచ్చింది. తరవాత దగ్గు కూడా రాలేదు. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి, మొహం నీలంగా మారింది, బాగున్న చెయ్యి దుప్పటిని పట్టుకుని గుంజింది. కూతురు కేక పెట్టింది. పెద్ద సిస్టర్ పరుగున వచ్చి ఆయన్ని పక్కకి వంచి వీపు మీద చరిచింది. ఇంకొకరు గొంతులో అడ్డుపడ్డది లాగే గొట్టం మిషను లాక్కొచ్చారు. చార్టమ్మ అక్కడే గోడకి అంటుకుపోయింది. ఎంతసేపటికో గొంతులోంచి ముక్క బయటపడి, ఆయన గరగరమంటూ ఊపిరి తీశారు. మంచంతో సహా పైఅంతస్తుకి తీసుకుపోయారు. ఊపిరి ఆడించే మిషను పెట్టాలట.

"మింగలేని మనిషికి రొట్టె ఎవరు పెట్టారు? ట్రేలు మార్చేశావా?" పెద్ద సిస్టర్ ఆయా మీద విరుచుకుపడింది.

"లేదు సిస్టర్! మంచం నంబరు చూసే పెట్టాను. ఒట్టు సిస్టర్, చీటీ మీద అదే నంబరుంది." ఆయా ఏడుస్తోంది. కొత్తగా చేరిన పిల్ల. చంకలోని పసిబిడ్డని పక్కింట్లో దింపి పనికి వస్తుంది.

"అబద్ధాలు చెప్పకు! సాయంత్రానికి నీ సంగతి తేలుస్తారు."

చార్టమ్మ తన గదికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. బల్ల మీద బుట్టలో ఆ పొద్దున వార్డుల నుంచి వచ్చిన చీటీలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వాటికి గుచ్చిన పిన్ను కూడా తీయలేదు. డ్రిల్లు మాస్టారి చీటీ పైనే ఉంది: 'నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు.' తెర మీద అదే మంచానికి 'మామూలు భోజనం' అని ఉంది. ఆ మంచం మీద అంతకు ముందున్నాయన నయమై ఇంటికి వెళ్ళిపోయాడు. అది నిన్నటి చార్టు. తాను నిన్న సేవ్ కొట్టింది ఆ స్టార్టప్ ఫోల్డర్లో ఉన్న ఫైలులోనే అయ్యుండాలి. ఖాళీగా తెరుచుకోవాల్సింది నిన్నటి రాతలతో సహా తెరుచుకుంది. తేదీ మాత్రం తనంతట తాను మారింది.

చార్టమ్మ చీటీలు తీసి పమిటలో దాచుకుంది. మళ్ళీ తీసి బుట్టలో పెట్టింది. మళ్ళీ దాచుకుంది.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి చెబితే ఆడపడుచు లేచి ముందు తలుపు వేసింది. "ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు వదినా. నీకు దణ్ణం పెడతాను, చెప్పకు. ఆయన బతికే ఉన్నాడుగా? జైల్లో పెడతారేమో!"

"ఆ ఆయా పిల్లనంటున్నారే. దాన్ని తీసేస్తారట."

"దానికి వయసుంది, ఇంకోచోట పని దొరుకుతుంది. నీకెవరిస్తారు? నిన్నేం తిన్నావో గుర్తులేని మనిషికి ఎవరిస్తారు వదినా?" అనేసి, అన్నందుకు తానే నోరు నొక్కుకుంది. ఇద్దరూ ఏడ్చారు. కంచాల్లో అన్నం చల్లారిపోయింది.

కాసేపటికి చార్టమ్మ లేచి చెప్పులు వేసుకుంది. భయమల్లా ఒకటే. దారిలో మరిచిపోతే? వార్డుకి చేరేసరికి ఎందుకు వచ్చానో తెలియకపోతే? అందుకని క్వార్టర్స్ గేటు దాటినప్పట్నుంచీ పైకి వినబడేలా అనుకుంటూ నడిచింది. "చార్టు నాదే. ఆయా తప్పు లేదు. చార్టు నాదే. ఆయా తప్పు లేదు." ఎదురైన వార్డుబాయ్ పక్కకి తప్పుకుని వింతగా చూశాడు. లిఫ్టులో ఎవరో పలకరిస్తే తలెత్తలేదు, వరస తప్పుతుందని.

పెద్ద సిస్టర్ గదిలోకి వెళ్ళి నిలబడే చెప్పేసింది. చీటీలు బల్ల మీద పెట్టింది.

పెద్ద సిస్టర్ ఆ చీటీలు ఒక్కొక్కటే తిరగేసి చూసింది. "మతిమరుపు ఎన్నాళ్ళ నుంచి?"

"పడ్డప్పట్నుంచీ."

"అప్పట్నుంచీ చార్టు నువ్వే రాస్తున్నావు. ఎవరితో ఒక్క ముక్క కూడా అనలేదు." ఆమె గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేది. "నిన్ను మేమందరం నమ్మాం కదమ్మా. నీ చార్టని ఇంకోసారి చూసుకోవాలని ఒక్కరికీ అనిపించలేదు."

"తప్పు చేశాను సిస్టర్."

"నువ్వు తప్పంటే ఆయన ఊపిరితిత్తులు బాగుపడతాయా?"



రీస్టార్టు సారుకి కబురు వెళ్ళింది. వచ్చి, కంప్యూటరు ముందు కూర్చుని, స్టార్టప్ ఫోల్డరు తెరిచి చూసి, తల పట్టుకున్నాడు. "మామూలు ఫైలుగానే పెట్టేశాను... నాదీ పొరపాటే సిస్టర్. టెంప్లేట్‌గా, అంటే నమూనాగా, మార్చి పెట్టాల్సింది. ఫోను వస్తే ఆ హడావిడిలో వెళ్ళిపోయాను." ఆ పనికి ఎక్కువసేపు పట్టలేదు. చార్టులోని రాతలన్నీ తుడిచాడు. 'సేవ్ యాజ్' నొక్కి, ఫైలు రకం దగ్గర టెంప్లేట్ ఎంచుకుని, అదే ఫోల్డర్లో పెట్టాడు. పాత ఫైలు అక్కణ్ణుంచి తీసేశాడు. "ఇప్పుడు తెరుచుకునేది అసలు ఫైలు కాదు, దాని కొత్త నకలు. ఏం నింపినా అసలుది కదలదు. సేవ్ కొడితే ఏ పేరుతో దాచాలో అడుగుతుంది."

పెద్ద సిస్టర్ పక్కనే నిలబడి, పైన తేదీ సూత్రం తీయించేసింది. ఇకనుంచి తేదీ చేత్తో వేయాలి. ప్రింటు వంటగదికి వెళ్ళేముందు వార్డు సిస్టర్ చీటీలతో సరిచూసి సంతకం పెట్టాలి.

సారు ఆ చార్టుని నింపి, దాచి, ప్రోగ్రాం మూసి, తెరిచి చూపించాడు. ఖాళీగా వచ్చింది. మళ్ళీ మూసి తెరిచాడు. ఖాళీయే. చార్టమ్మ కుర్చీ వెనక నిలబడి చూస్తోంది. ఎంత చిన్న పని! మొన్న సేవ్ కొడితే ఏమవుతుందని ఒక్క మాట అడిగి ఉంటే, ఆయన ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే. కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది. పెద్ద సిస్టర్ అది చూసి, "వద్దమ్మా. నువ్వు ఇక దీన్ని ముట్టుకోవద్దు," అంది. చార్టమ్మ చెయ్యి తీసేసింది.

ఆయాని పనిలో ఉంచారు. ఆ పిల్ల ఆ తరవాత చార్టమ్మ ఎదురైతే తల తిప్పుకునేది. తన మీద నింద అందరి ముందూ పడింది. ఆ నింద తీసేసింది మాత్రం ఒక గదిలో నలుగురి మధ్య.

డ్రిల్లు మాస్టారు చాలా రోజులు మిషను మీదే ఉన్నారు. ఊపిరితిత్తుల్లో చీము పట్టింది. చార్టమ్మ రోజూ పైఅంతస్తు తలుపు అద్దంలోంచి తొంగి చూసేది. నిన్న చూశానో లేదో గుర్తుండేది కాదు, అందుకని మళ్ళీ వెళ్ళేది. అందరూ అనుకున్నట్టు ఆమె అన్నీ మరిచిపోలేదు. కావాలనుకున్నవన్నీ జారిపోయేవి. ఆగిపోయిన ఆ దగ్గు మాత్రం చెవిలోంచి పోలేదు. కుట్టు మిషను మీద గుడ్డ కుడుతూ ఆడపడుచు దగ్గినా ఉలిక్కిపడి లేచేది.

చివరికి ఆయన బతికి బయటపడ్డారు. కానీ చేరినప్పటికన్నా నీరసంగా, నిటారైన ఆ భుజాలు వంగిపోయి ఇంటికి వెళ్ళారు. ఆ రోజు చక్రాల కుర్చీ గేటు దగ్గరికి వచ్చేసరికి చార్టమ్మ ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"అమ్మా, ఆ రోజు చార్టు..."

"తెలుసు," అంది కూతురు. "పెట్టింది నా చేత్తో. మీ కాగితం చూసి నేనే పెట్టాను. నాకు నిద్రపట్టట్లేదు."

చార్టమ్మ చేతులు జోడించింది.

"వద్దండీ. నాకు మిమ్మల్ని క్షమించాలని లేదు. తిట్టే ఓపికా లేదు. దారివ్వండి."

చార్టమ్మ పక్కకి జరిగింది. డ్రిల్లు మాస్టారు ఆమెను గుర్తుపట్టలేదు. ఎవరో పలకరించడానికి వచ్చారనుకుని బాగున్న చెయ్యి కొంచెం పైకెత్తారు.

తలకి మళ్ళీ పరీక్షలు చేశారు. డాక్టరు ఇవాళ ఏ వారమని అడిగితే ఆమె నిన్నటి వారం చెప్పింది. పాత సర్వీసు చూసి ఉద్యోగం తీసేయలేదు గానీ, చార్టు పని ఇంకొకరికి ఇచ్చారు. ఆ పనికి చెందిన క్వార్టరు కూడా వాళ్ళకే వెళ్ళింది. ఆడపడుచు మిషనుకి గుడ్డ చుట్టి, రిక్షా ఎక్కించి, వీధి చివర ఒక ఒంటిగది అద్దె ఇంటికి చేర్చింది. మిషను పెడితే మంచానికి చోటు లేదు. మంచం వేస్తే మిషను తలుపుకి అడ్డం.

ఇప్పుడు చార్టమ్మ ఆసుపత్రి దుప్పట్ల గదిలో పనిచేస్తోంది. ఉతికి వచ్చినవి మడతపెట్టి అరల్లో సర్దాలి. అక్కడ పొరపాటు జరిగితే ఎవరి ఊపిరీ ఆగదు. మేస్త్రీ అప్పుడప్పుడు టీ పట్టుకుని వస్తాడు. ఇప్పుడు వేళాకోళం ఆడడు. అదే ఆమెకు ఎక్కువ కష్టంగా ఉంటుంది.

పొద్దునపూట ఆడపడుచు గేటు దాకా తోడు వస్తుంది. దారిలో చార్టమ్మ ఇవాళ ఏ వారమని అడుగుతుంది, ఆమె చెబుతుంది. మలుపు తిరిగాక మళ్ళీ అడుగుతుంది. ఆడపడుచు మళ్ళీ చెబుతుంది.

"విసుగ్గా ఉందా నీకు?" అంది ఒకరోజు చార్టమ్మ.

"ఉంది," అంది ఆడపడుచు. "అయినా నువ్వు అడుగు. అడక్కుండా దాచుకుంటే నాకు భయం వదినా."

చార్టమ్మ తలూపి, గేటు లోపలికి వెళ్ళిపోయింది.